ఇరవయ్యొక్క ఫిరంగుల మర్యాద

యుద్ధనౌక ఒకటి పంపించి మమ్మల్ని కాపాడండి మహాప్రభో అని మద్రాసుకు అర్జీ పెట్టుకున్న కోరంగి వర్తకుల్లో మొదటి సంతకం కామిశెట్టి భద్రయ్యది. ఆ సంతకం పెట్టిన కుడిచేతిని ఆ తరవాత ఆయన చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అర్జీ పెట్టడం తప్పని ఎవరూ అనలేరు. ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ సముద్రం మీద కొట్టుకుంటున్న రోజులవి. ఎక్కడో వాళ్ళ రాజులకు తగువొస్తే ఇక్కడ కోరంగి ఓడలు మాయమయ్యేవి. కిందటేడు భద్రయ్య ఓడను ఫ్రెంచి దోపిడీ ఓడ ఒకటి పట్టుకుపోయింది. సరుకు పోతే పోయింది, అందులో కళాసీలు ఇప్పటికీ తిరిగి రాలేదు. మళ్ళీ టేకు తెప్పించి, కోరంగి రేవులోనే ఇంకో ఓడ కట్టించాడాయన. దానికి వాళ్ళమ్మ పేరే పెట్టాడు, రత్నమాణిక్యం అని. ఓడ నడిపే తండేలు ఆయన బావమరిది పోలయ్య.

ఓడ నీళ్ళలోకి దించిన రోజునే భద్రయ్య భార్య ఒక మాట అంది. "ఓడ పోతే ఇంకోటి కట్టించుకుంటారు. మా తమ్ముడు పోతే ఇంకోణ్ణి ఏ టేకుతో కట్టిస్తారు?"

అందుకే అర్జీ. అర్జీ ఫలించింది. ఒక ఉదయం కోరంగి అఖాతంలోకి మూడు తెరకొయ్యల యుద్ధనౌక తెల్లటి తెరచాపలన్నీ విప్పుకుని, పెళ్ళికూతురి పల్లకీలా వచ్చి ఆగింది. దాని పేరు డిగ్నిటీ.

డిగ్నిటీ సముద్రజీవితం మహా ఘనమైనది. పన్నెండేళ్ళ కిందట బ్యాండుమేళంతో నీళ్ళలోకి దిగింది. ఒక యుద్ధానికి ఆలస్యంగా వెళ్ళి, గెలిచినవాళ్ళకు ఫిరంగి వందనం చేసి వచ్చింది. ఇంకో యుద్ధానికి ముందుగా వెళ్ళి, శత్రువు వేళకు రాలేదని నొచ్చుకుని తిరిగొచ్చింది. మూడో యుద్ధానికి సరిగ్గా వేళకే వెళ్ళేది గానీ, దారిలో ఒక సేనాపతిగారి వితంతువు కనిపించడంతో ఆమెకు మర్యాద చేయడానికి ఆగవలసి వచ్చింది. ఇన్నేళ్ళలో దాని ఫిరంగుల్లోంచి ఇనపగుండు ఒక్కటీ బయటికి రాలేదు. మోత మాత్రం వినని రేవు లేదు.

దాని కెప్టెన్ ఫిప్స్ దొర పొడుగాటి మనిషి. గడ్డం ఎప్పుడూ ఆకాశం వైపే ఉండేది. రెండో స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ టక్ కుర్రదనం ఇంకా పోని నిజాయితీపరుడు. అందుకే ఎప్పుడూ తిట్లు తింటూ ఉండేవాడు.

భద్రయ్యకు ఇంగ్లీషు వచ్చు, యానాంలో ఫ్రెంచివాళ్ళతో బేరాల వల్ల కొంత ఫ్రెంచి కూడా వచ్చు. దుబాసీగా ఉంటానని ఆ రోజే ఓడెక్కాడు, జీతం కూడా వద్దన్నాడు. తన ఓడను కాపాడే ఓడ మీద తన కన్నొకటి ఉండాలి, అంతే.

ఎక్కిన గంటకే ఆయనకు కొత్త తాఖీదు సంగతి తెలిసింది.

లండన్ నుంచి వచ్చిందది. 'ఎవరు చేసిన వందనానికైనా ప్రతివందనం చేయకుండా ఉపేక్షించరాదు. ఉపేక్షించిన అధికారి నౌకాదళ గౌరవానికి భంగం కలిగించినవాడగును.' ఫిప్స్ దొర దాన్ని అద్దం కట్టించి గదిలో వేలాడదీశాడు. అదే తాఖీదు ఒడ్డునున్న మట్టికోట దొరకూ వచ్చింది. గొడవంతా అక్కడే మొదలైంది.

డిగ్నిటీ రాగానే కోటకు తొమ్మిది ఫిరంగులు పేల్చి వందనం చేసింది. కోట తొమ్మిది పేల్చి ప్రతివందనం చేసింది. అంతటితో అయిపోయిందనుకుని భద్రయ్య చెవుల్లోంచి వేళ్ళు తీశాడు.

"ఫిరంగులు సిద్ధం!" అన్నాడు ఫిప్స్ దొర.

"మళ్ళీ ఎందుకు దొరా? వాళ్ళు బదులు చెప్పేశారుగా?"

"దుబాసీ, వారు చేసినది కూడా వందనమే కదా? ఎవరు చేసిన వందనానికైనా అని తాఖీదులో స్పష్టంగా ఉంది. వారి వందనాన్ని నేను ఉపేక్షించాలా?"

డిగ్నిటీ పేల్చింది. కోట దొర కూడా చదువుకున్నవాడే కాబట్టి కోటా పేల్చింది. డిగ్నిటీ మళ్ళీ పేల్చింది. అఖాతం పొగతో నిండిపోయింది. కొంగలు లేచి లంకల అవతలికి వెళ్ళిపోయాయి. కోరంగి ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు నల్లబడ్డాయని శాపనార్థాలు పెట్టారు. భోజనాలయ్యాక కూడా రెండువైపులా మర్యాద నడుస్తూనే ఉంది. సాయంత్రమవుతుండగా కోట నాలుగు పేల్చి ఆగిపోయింది.

ఫిప్స్ దొర మొహం కందగడ్డయింది. "నాలుగా? తొమ్మిదికి నాలుగా? ఇది అవమానం!"

"అవమానం కాదు దొరా. కోటలో ఫిరంగి మందు అయిపోయి ఉంటుంది" అన్నాడు భద్రయ్య.

దొర టోపీ సర్దుకున్నాడు. "అయితే వారికి మనమే మందు పంపాలి. వారి అసంపూర్ణత మన గౌరవానికి లోటు."

రెండు పీపాల మందు పడవలో వేసుకుని లెఫ్టినెంట్ టక్ ఒడ్డుకు వెళ్ళాడు. రాజుగారి ఓడ నుంచి అధికారి దిగినప్పుడు కోట వందనం చేయాలి కదా. ఆయన తెచ్చిన పీపా విప్పి, ఆయనకే పేల్చారు. రెండో పీపా ఆయన వెనక్కి వెళ్తున్నప్పుడు వీడ్కోలుకు సరిపోయింది. బాకీ అయిదూ అలాగే ఉండిపోయాయి. దాంతో ఇంకో రెండు పీపాలు వెళ్ళాయి.

సూర్యాస్తమయం తరవాత వందనాలు చేయకూడదని ఎవరో బుద్ధిమంతుడు పాత రోజుల్లో రాసిపెట్టాడు. లేకపోతే ఆ రాత్రి కోరంగిలో ఎవరూ నిద్రపోయేవారు కారు.

భద్రయ్య అదే సందు చూసుకుని పడవ కట్టించుకుని కోటకు వెళ్ళాడు. అక్కడ ఫిరంగి పేల్చే గోలందాజు దావూదు సాయిబు. ముసలాయన అరుగు మీద కూచుని చెవిలో ఆముదం పోయించుకుంటున్నాడు.

"సాయిబూ! నీ ఫిరంగికి జబ్బు చేయాలి."

"ఆఁ?"

"జబ్బు! ఫిరంగికి!"

"దానికేం శెట్టిగారూ, మా నాయన నాటి నుంచి రాయిలా ఉంది. తుమ్మినా దగ్గినా నాకేగానీ దానికి లేదు."

"అది రేపు కూడా పేలిందంటే ఆ ఓడలో మందు ఉండదు. మందు లేకపోతే ఫ్రెంచివాడొచ్చినప్పుడు మా పోలయ్యను కాపాడేది నీ ఆముదమా?"

సాయిబు తల పంకించాడు. "అర్థమైంది బాబూ. దానికి రాత్రి నుంచి ఒకటే నలత. లోపల గరగరలాడుతోంది."

మర్నాడు కోట దొర స్వదస్తూరీతో కబురొచ్చింది, 'మా ఫిరంగికి అస్వస్థత' అని. ఫిప్స్ దొర దాన్ని గౌరవంగా అందుకుని, అస్వస్థతకు మినహాయింపు ఉన్నదని తలూపాడు. భద్రయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ఆ గాలి బయటికి వదలకముందే పడమటిలంక జమీందారు నావ ఎదురుగా కనిపించింది.

"ఎవరు ఆయన? ఆయన హోదాకు ఎన్ని ఫిరంగులు?" అన్నాడు దొర.

"ఏమీ అక్కర్లేదు దొరా. ఊరికే ఓడ చూసిపోదామని వస్తున్నారు."

అప్పటికే జమీందారుగారి దివాను నావలో లేచి నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో అరుస్తున్నాడు. "మా ప్రభువులు వందనం చేస్తున్నారు! మా ప్రభువుల హోదాకు తొమ్మిది!"

తొమ్మిది పేలాయి. పడమటిలంక జమీందారు పరమానందంతో వెళ్ళిపోయాడు. ఆ మోత గోదావరి పాయ అవతల ఆయన దాయాది తూర్పులంక జమీందారుకు వినిపించింది. సాయంత్రానికి ఆయన నావ సిద్ధం.

"వాడికి తొమ్మిదా? మేం పెద్దింటివాళ్ళం. మాకు పదకొండు."

పదకొండు పేలాయి. మర్నాడు పడమటిలంక ఆయన పదమూడుకు వచ్చాడు. ఆ మర్నాడు తూర్పులంక ఆయన, కొత్తగా పుట్టిన మనవణ్ణి గుడ్డల్లో చుట్టుకుని, ఇద్దరికీ విడివిడిగా కావాలన్నాడు.

"ఈ దేశీయులకు గౌరవం విలువ తెలుసు" అన్నాడు ఫిప్స్ దొర, కళ్ళొత్తుకుంటూ.

ఇంకా నయం, మనుషులతో ఆగిందనుకున్నాడు భద్రయ్య. ఆగలేదు. పడమటిలంక జమీందారు తన పట్టపుటేనుగును ఒడ్డుకు తెచ్చి నిలబెట్టించాడు. మావటి పొడవగానే అది తొండమెత్తి ఘీంకరించింది.

"అది ఏమిటి?" దొర దూరదర్శిని తీశాడు.

"ఏనుగు దొరా."

"ఏనుగని కనిపిస్తూనే ఉంది. అది చేసినది ఏమిటి?"

భద్రయ్య అబద్ధం వెతుక్కునేలోగా లెఫ్టినెంట్ టక్ నిజం చెప్పేశాడు. "ఇక్కడ దాన్ని వందనమనే అంటారు సర్."

ఎవరు చేసిన వందనానికైనా అని తాఖీదు. ఏనుగుకు ఏడు పేల్చారు. మోతకు అది బెదిరి, తొండమెత్తి మళ్ళీ ఘీంకరిస్తూ పరిగెత్తింది. అది రెండో వందనం కిందికి వచ్చింది. దానికీ ఏడు.

ఇన్నాళ్ళూ రత్నమాణిక్యం బట్టల సరుకు నింపుకుని రేవు బయట లంగరేసి ఉంది. దాంతోపాటు ఇంకో నాలుగు కోరంగి ఓడలు. డిగ్నిటీ కాపలాతో అన్నీ కలిసి మద్రాసు వెళ్ళాలి. బరువుతో ఉన్నవి కాబట్టి నదిలోకి వెనక్కి పోవడానికి నీళ్ళు చాలవు, హుకుం లేకుండా ముందుకు కదలడానికి వీల్లేదు. పోలయ్య చిన్న పడవేసుకుని డిగ్నిటీ పక్కకొచ్చి కేకేశాడు.

"ఏటి బావా, ఎప్పుడెల్తాం? బట్ట చెమ్మెక్కిపోతంది. ఆ బజార్లో చేపలమ్మే ఆడోళ్ళు ఏటంటున్నారో తెల్సా?"

"ఏమంటున్నార్రా?"

"ఈ ఓడలో గుప్పెడు మందు లేదంట. ఏనుగు తినేసిందంట! మనోళ్ళు నవ్వుతున్నారు. ఈ నవ్వు యానాందాకా పాకితే ఫ్రెంచోడు కూడా నవ్వుకుంటా వచ్చేత్తాడు. నీ దొరని అడుగు."

భద్రయ్య దొర దగ్గరికి వెళ్ళాడు. "దొరా, ఓడలు బయల్దేరడానికి సెలవియ్యండి."

"కాపలా వరుస బయల్దేరాలంటే సంకేత ఫిరంగి మోగాలి. మోగాలంటే మందు కావాలి."

"లేదా దొరా?"

"ఇరవయ్యొక్క ఫిరంగులకు ఉంది. అది మా ఇంగ్లండు మహారాజావారి జన్మదినానికి. రేపు కాక ఎల్లుండి." మెడలో వేలాడుతున్న మందుగది తాళంచెవిని దొర తడుముకున్నాడు. "జన్మదినం అయ్యాక మద్రాసు నుంచి మందు వస్తుంది."

"ఎవరు తెస్తారండీ?"

"ఒక వర్తకపు ఓడ."

"దానికి కాపలా?"

"డిగ్నిటీ వెళుతుంది."

"డిగ్నిటీ బయల్దేరాలంటే?"

"సంకేత ఫిరంగి మోగాలి" అని దొర మళ్ళీ మొదలుపెట్టి, మధ్యలో ఆగి, భద్రయ్యను అనుమానంగా చూశాడు. "దుబాసీ, నువ్వు అతిగా ప్రశ్నిస్తున్నావు."

ఆ ఓడ మీద ఇంకో విడ్డూరం ఉండేది. అక్కడ మధ్యాహ్నం దానంతటది కాదు. లెఫ్టినెంట్ టక్ ఇత్తడి పరికరం కంటికి పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తాడు. నడినెత్తికి రాగానే కెప్టెన్ దగ్గరికొచ్చి టోపీ తీసి, "సర్, పన్నెండయింది" అంటాడు. కెప్టెన్ "అయితే కానివ్వు" అంటాడు. అప్పుడు గంట కొడతారు. అప్పుడే పన్నెండు. అంతేకాదు, ఒడ్డున అందరికీ తారీఖు అర్ధరాత్రి మారితే, ఈ ఓడ మీద ఒక పూట ముందే, ఆ మధ్యాహ్నపు గంటతోనే మారిపోతుంది. ఇది ఫిప్స్ దొర చాదస్తం కాదు, వాళ్ళ నౌకాదళంలో అన్ని ఓడల మీదా అంతే.

ఒకరోజు టక్ వచ్చేసరికి దొర క్షవరం చేయించుకుంటున్నాడు. సగం గడ్డంతో "కానివ్వు" అనడం ఆయన హోదాకు తగదు. పన్నెండు ఆగింది. గంట మోగితే గాని తిండి లేదు కాబట్టి నావికులంతా చెక్కపళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. సూర్యుడు మాత్రం ఆగకుండా పడమటికి దిగాడు. చివరికి దొర సవరంజుట్టు సర్దుకుని బయటికొచ్చి కానివ్వమన్నాడు. నీడలు తూర్పుకు సాగిన తరవాత డిగ్నిటీ మీద మధ్యాహ్నమైంది.

భద్రయ్య అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాడు.

జన్మదినానికి ముందురోజు పొద్దున్నే కొయ్య మీదున్న కాపలావాడు కేక పెట్టాడు.

"తెరచాప! ఆగ్నేయంలో! ఫ్రెంచి జెండా!"

భద్రయ్య ఓడ అంచుకు పరిగెత్తాడు. కిందటేడు ఓడ పోగొట్టుకున్నవాడు ఆ తెరచాపల కోత మర్చిపోడు. అదే దోపిడీ ఓడ. డిగ్నిటీలో సగం కూడా లేదు. మామూలుగా అయితే యుద్ధనౌక వాసన తగిలితేనే పారిపోవలసింది. అలాంటిది తిన్నగా, తీరిగ్గా, చేపల బజారు మాట మీద పూర్తి నమ్మకంతో వస్తోంది. దానికీ డిగ్నిటీకీ మధ్య లంగరేసి ఉన్న అయిదు ఓడల్లో అన్నిటికన్నా బయట ఉన్నది రత్నమాణిక్యం. దాని మీద పోలయ్య ఎర్ర తలగుడ్డ ఊపుతున్నాడు.

"సర్, ఇరవయ్యొక్క ఫిరంగులకు మందుంది. గుండ్లు దట్టించమంటారా?" అడిగాడు టక్.

ఫిప్స్ దొర ఆయన వైపు జాలిగా చూశాడు. "లెఫ్టినెంట్, మహారాజావారి జన్మదినాన్ని ఒక సముద్రపు దొంగ మీద పేల్చమంటావా?"

"వాళ్ళు మన ఓడల్ని పట్టుకుపోతారు సర్!"

"ఓడలు పోవచ్చు. వాటికి నష్టపరిహారం గురించి నిబంధనలున్నాయి. జన్మదినం పోతే ఏ నిబంధనా లేదు."

భద్రయ్య రెండు చేతులూ జోడించాడు. "దొరా, ఆ చివరి ఓడలో నా బావమరిది ఉన్నాడు. మా ఇంటిదానికి ఒక్కడే తమ్ముడు. తమరి కాళ్ళు పట్టుకుంటాను."

"నీ విచారంలో నేను భాగస్వామిని" అన్నాడు దొర. అని, కాళ్ళు రెండంగుళాలు వెనక్కి జరుపుకున్నాడు. "కాని జన్మదినం రేపు."

రేపు. ఆ మాట దగ్గర భద్రయ్య బుర్రలో ఏదో చటుక్కున వెలిగింది.

"దొరా, ఈ ఓడ మీద తారీఖు మధ్యాహ్నం గంటకే మారుతుంది కదండీ?"

"అవును."

"అంటే ఇవాళ పన్నెండు కొడితే జన్మదినం వచ్చేసినట్టే?"

దొర కనుబొమలు లేచాయి. "నౌకా గణన ప్రకారం, అవును. కాని ఇప్పుడు ఉదయం."

"ఈ ఓడ మీద పన్నెండు ఎవరి హుకుం దొరా? సూర్యుడిదా, తమరిదా?"

"సూర్యుడు సమాచారం ఇస్తాడు. నిర్ణయం నాది."

"మొన్న తమరు క్షవరంలో ఉంటే పన్నెండు ఆగింది. ఆగమంటే ఆగింది, రమ్మంటే రాదా? రాదంటే సరే దొరా, నేనేం చేయను. సూర్యుడి ముందు ఫిప్స్ దొరవారి మాట చెల్లలేదట అని ఒడ్డున జమీందార్లు అడిగితే, ఔనని చెప్తాను."

ఫిప్స్ దొర మెడ మీది నరాలు ఉబ్బాయి. ఆయన సూర్యుడి వైపు చూసిన చూపుకు ఇంకొకడెవడైనా అయితే మబ్బు చాటుకు పోయేవాడు.

"లెఫ్టినెంట్! ఎంతయింది?"

టక్ పరికరం ఎత్తాడు. "సర్, ఇప్పుడు ఇంకా తొమ్మిద..."

భద్రయ్య ఆయన కాలు తొక్కాడు. గట్టిగా, మడమతో. టక్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే కాబోలు, ఎర్ర తలగుడ్డ ఊగుతూ కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటి అబద్ధం ఆడటానికి ఆయన టోపీ తీశాడు.

"సర్, పన్నెండయింది."

"అయితే కానివ్వు!"

గంట మోగింది. వంటవాడు గరిటె పట్టుకుని బయటికొచ్చి, సూర్యుణ్ణి చూసి, పొయ్యి మీది పచ్చిమాంసాన్ని చూసి, నెత్తి బాదుకున్నాడు. నావికులు పళ్ళేలు తెచ్చుకున్నారు. తారీఖు మారింది. రాజుగారు పుట్టారు.

దొర మెడలోంచి తాళంచెవి తీసిచ్చాడు.

"గుండ్లు కూడా వేద్దాం సర్, ఎలాగూ పేలుస్తున్నాం కదా?" టక్ ఆఖరుసారి అడిగాడు.

"జన్మదినంలో గుండ్లా! నువ్వు రాజద్రోహివా? వట్టి మందు! ఒడ్డు వైపు ఫిరంగులతో."

భద్రయ్య నెత్తి పట్టుకున్నాడు. ఒడ్డు వైపు పేలిస్తే ఫ్రెంచివాడికి పొగ తప్ప ఏం కనిపిస్తుంది? ఈసారి టక్కే ముందు తేరుకున్నాడు. ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది తేలిక.

"ఒడ్డు వైపు పేలిస్తే కోట బదులు చెప్పాల్సి వస్తుంది సర్. దాని ఫిరంగికి ఒంట్లో బాగాలేదు."

"నిజమే. రోగిని ఇబ్బంది పెట్టరాదు. సముద్రం వైపు!"

ఇరవయ్యొక్క ఫిరంగులు ఒకదాని వెనక ఒకటి, సముద్రం పగిలేలా మోగాయి. పొగ గోడలా లేచింది. ఏమీ కనిపించలేదు. భద్రయ్య కొయ్యను కౌగిలించుకుని వాళ్ళమ్మ పేరు తలుచుకున్నాడు, ఓడనా మనిషినా అన్నది ఆయనకే తెలియదు.

పొగ తేలిపోయింది. ఫ్రెంచి ఓడ వీపు చూపిస్తోంది. మందు లేదన్న మాట నమ్మివచ్చిన ఆ ఫ్రెంచి కెప్టెన్‌కు ఇన్ని ఫిరంగులు మోగేసరికి, ఆ బజారు కబురే ఎర అనీ, తాను ఉచ్చులో తల పెట్టాననీ అర్థమైపోయింది. ఉన్న తెరచాపలన్నీ ఎత్తి, ఆరేసుకున్న చొక్కాలు కూడా కట్టాడేమో అన్నంత వేగంగా పోతున్నాడు.

రత్నమాణిక్యం మీద కళాసీలు ఎగిరి గంతులేస్తున్నారు. భద్రయ్య పైగుడ్డ తీసి వాళ్ళకేసి ఊపాడు. నావికులు టోపీలు గాల్లోకి విసిరారు.

ఫిప్స్ దొర ఒక్కడే మొహం మాడ్చుకుని సముద్రం వైపు చెయ్యి చాపాడు. "అతను వెళ్ళిపోతున్నాడు!"

"అవును సర్! పారిపోతున్నాడు!" టక్ ఆనందం పట్టలేకపోయాడు.

"ప్రతివందనం చేయకుండా వెళ్ళిపోతున్నాడు! మహారాజావారి జన్మదిన వందనం స్వయంగా విని, ఒక్క ఫిరంగి పేల్చకుండా! లంగరెత్తండి!"

"సర్, మన దగ్గర చిటికెడు మందు లేదు. దేంతో యుద్ధం చేస్తాం?"

"యుద్ధమని ఎవరన్నారు? మనకు రావలసిన ఇరవయ్యొకటి అడుగుతాం."

ఓడలు దోచుకుంటే కదలని డిగ్నిటీ, మర్యాద తక్కువైతే కదిలింది. సంకేత ఫిరంగి లేకుండానే కదిలింది. ఆవేశంలో ఆ నిబంధన దొరకు గుర్తు రాలేదు. భద్రయ్య ఆ సంబరంలోంచి తేరుకుని చూసేసరికి ఒడ్డు జరిగిపోతోంది.

"దొరా, నన్ను దింపండి!"

"నువ్వెలా దిగుతావు? అతని క్షమాపణను తర్జుమా చేయడానికి నువ్వుండాలి."

భద్రయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు దొర దారి ఇప్పటికి బాగా తెలుసు. "చిత్తం. కాని కోటవారికి జన్మదినం వచ్చిందని ఎవరు చెబుతారు దొరా? వాళ్ళు రేపనుకుంటున్నారు. రేపు పేలిస్తే తమరి వందనానికి ఆలస్యంగా బదులిచ్చినట్టవుతుంది."

దొర అదిరిపడ్డాడు. "వెంటనే దిగు! నేను తిరిగి వచ్చేవరకు వారి ప్రతివందనం నిలిపి ఉంచమను."

ఆ మోత ఎందుకో కనుక్కుందామని బయల్దేరిన పోలయ్య పడవ అప్పటికే పక్కకొచ్చింది. భద్రయ్య తాడు పట్టుకుని జారుతుంటే పైనుంచి టక్ వంగి చూశాడు. ఆయన మొహంలో, నన్నూ తీసుకుపో అన్న కోరిక ఒక్క క్షణం కనిపించింది. అంతలో పైనుంచి పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు.

"బావా, మనకి కాపలా ఎవరు మరి?" అన్నాడు పోలయ్య తెడ్డేస్తూ.

"ఫ్రెంచివాణ్ణి దొర తరుముతున్నాడు. దొరను ఫ్రెంచివాడు లాక్కుపోతున్నాడు. సముద్రం ఇంత ఖాళీగా మళ్ళీ దొరకదు. ఎత్తు తెరచాప!"

అయిదు ఓడలూ మద్రాసు చేరాయి. దారిలో గాలి తప్ప ఎవరూ పలకరించలేదు. పోలయ్య అక్కకు కంచిపట్టు చీర తెచ్చాడు.

డిగ్నిటీ కబురు రెండేళ్ళ తరవాత, అందులో పనిచేసి బతికొచ్చిన ఒక కళాసీ చెబితే తెలిసింది. అది ఫ్రెంచి ఓడను హిందూ మహాసముద్రమంతా తరిమింది. ఫ్రెంచి కెప్టెన్‌కు వెనకాల వచ్చేవాడు ఎందుకు వస్తున్నాడో తెలియక మతిపోయింది. చివరికి తమవాళ్ళ దీవిలో, కోట ఉన్న రేవులోకి దూరాడు. ఫిప్స్ దొర వెనకాలే దూరి, కోట ఎదురుగా నిండు దుస్తుల్లో నిలబడి, రావలసిన ఇరవయ్యొకటి ఇమ్మని జెండాలెత్తి అడిగాడు.

కోటవాళ్ళు ఇచ్చారు. గుండ్లతో ఇచ్చారు.

ఒక కొయ్య విరిగింది. రెండోదీ విరిగింది. ఓడ పక్కకు ఒరిగి నీళ్ళు తాగుతోంది. టక్ పరుగున వచ్చి, "సర్, మునిగిపోతున్నాం!" అన్నాడు. దొర చెయ్యెత్తి ఆయన్ని మాట్లాడవద్దన్నాడు. పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడట. అలాగే మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, చివరి మోత అయ్యాక చాలాసేపు విని, "పంతొమ్మిది. రెండు తక్కువ" అన్నాడట.

ఖైదీల మార్పిడిలో ఇంగ్లండు చేరాక విచారణ జరిగింది. శత్రువు నుంచి మునుపెన్నడూ ఎవరూ సాధించనన్ని ఫిరంగులు సాధించినందుకు ఫిప్స్ దొరను నిర్దోషిగా, గౌరవంగా విడిచిపెట్టారు. ఆయన కత్తి ఆయనకు రెండు చేతులతో అందించారు. రాలేదన్న ఆ రెండింటి కోసం ఫ్రెంచి ప్రభుత్వానికి తీవ్రమైన నిరసన పంపించారు. ఓడ పోయింది కాబట్టి ఎవరికో ఒకరికి శిక్ష పడాలి. ఉదయం పూట మధ్యాహ్నమని తప్పుడు సమాచారం ఇచ్చి సూర్యుడి ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు లెఫ్టినెంట్ టక్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ మాట విని భద్రయ్య ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాడు. టక్ కాలు తొక్కిన మడమ ఆయనకు చాలా రోజులు గుర్తుకొస్తూనే ఉంది.

మరుసటి ఏడు, ఓడలు బయల్దేరే రోజుల్లో, కోరంగి అఖాతంలోకి మళ్ళీ మూడు కొయ్యలు వచ్చి ఆగాయి. కొత్త ఓడ, కొత్త రంగు, కొత్త కెప్టెన్. పేరు మాత్రం పాతదే, డిగ్నిటీ. పాత అర్జీ ఇంకా రద్దు కాలేదట.

భద్రయ్య చెప్పులు కూడా వేసుకోకుండా కోటకు పరిగెత్తాడు. "సాయిబూ! ఫిరంగి ఎలా ఉంది?"

దావూదు సాయిబు అప్పటికే దాని మీద కంబళి కప్పి పక్కన కూచున్నాడు. "ఏం చెప్పమంటారు శెట్టిగారూ, ఇంకా లేవలేదు" అన్నాడు, దాని వీపు నిమురుతూ. "కబురు కూడా పంపించేశాం."

భద్రయ్య గోడకు చేరగిలబడి చెమట తుడుచుకున్నాడు. అంతలో కొత్త డిగ్నిటీ పక్కనున్న ఫిరంగుల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఒకటి మోగింది. రెండు మోగాయి. ఒడ్డుకు వచ్చిన పడవలోంచి తెల్ల కుర్రవాడొకడు దిగి, టోపీ తీసి, కోట ముందు ప్రకటించాడు. "మా కెప్టెన్‌గారు, అస్వస్థతతో ఉన్న ఫిరంగి త్వరగా కోలుకోవాలని, తమ సానుభూతి సూచకంగా పదిహేను!"

భద్రయ్య మిగిలినవి వినలేదు. రేవు వైపు పరిగెడుతూనే కేకేశాడు.

"పోలయ్యా! తెరచాప ఎత్తరా! ఇప్పుడే!"

"కాపలా లేకుండానా బావా? బయట ఫ్రెంచోడుంటే?"

"ఉంటే ఉండనీరా! వాడు దోచుకుంటాడంతే, మర్యాద చెయ్యడు!"